తడి గోనెపట్ట

భోజనాలయ్యాక గౌరి మెట్ల పైన నిలబడి కిందికి పిలిచింది.

"స్నోయీ! రామ్మా, స్నోయీ!"

మెట్ల మలుపులో చిక్కుకున్న వేడిగాలి ముఖానికి కొట్టింది. మళ్ళీ పిలిచింది. ఈసారి గొంతులో తియ్యదనం కాస్త తగ్గింది.

"పండుకోనుండాది మే," అంది కింది వంటింట్లో నుంచి నాగేంద్రమ్మ. "ఇప్పుడే కన్ను మూసింది. లేపద్దు."

"దానికి అన్నం పెట్టాల అక్కా."

"తినిందిలే. ఇంత పెరుగన్నం పెట్టినా."

గౌరి రెండు మెట్లు దిగి వంగి చూసింది. నీళ్ళకుండల పక్కన, నల్లబండల మీద తడి గోనెపట్ట పరిచి ఉంది. దాని మీద తన కుక్కపిల్ల నాలుగు కాళ్ళూ నాలుగు వైపులకు చాపి, పొట్ట గోనెకు ఆనించి, ఎవరో జారవిడిచిన పిండిముద్దలా పడి ఉంది. గోడకు చేరగిలబడిన నాగేంద్రమ్మ చింతపండులో గింజలు తీస్తోంది.

"స్నోయీ," అంది గౌరి.

కుక్కపిల్ల చెవి కూడా కదల్లేదు.

"స్నోయీ గీయీ అంటే దానికేం తెలుస్తాది?" అని నవ్వి, నాగేంద్రమ్మ తల తిప్పకుండానే, "బొరుగూ," అంది.

కళ్ళు తెరవకుండానే కుక్కపిల్ల తోకతో గోనె మీద టపటపా కొట్టింది.

గౌరి వెనక్కి తిరిగింది. పైకి వచ్చి, దాని కోసం కలిపి పెట్టిన పాలన్నం గిన్నె మీద మూత పెట్టింది. కాసేపాగి ఆ మూత తీసి, అన్నం మొత్తం కాకులకు వేసేసింది.

ప్రొద్దుటూరులో ఆ అన్నదమ్ములిద్దరికీ కలిపి ఒక బట్టల అంగడి, ఒక ఇల్లు. కింది ఇల్లు మామగారి నాటిది. మూరెడు మందం రాతిగోడలు, నల్లబండల నేల. అందులో పెద్దవాడు నరసింహయ్య, నాగేంద్రమ్మ ఉంటారు. పైది చిన్నవాడు, గౌరి మొగుడు శరత్ చంద్ర పెళ్ళయ్యాక వేసిన స్లాబు. పంపకాలప్పుడు కొత్త ఇల్లు తమకు వచ్చిందని గౌరి సంబరపడింది. ఆ సంబరం మొదటి ఎండాకాలం దాకా నిలిచింది. అప్పటి నుంచి ఏటా మార్చి వచ్చిందంటే పైన ఉడుకూ, కింద చల్లనా. గౌరి ఆ మాట ఎన్నడూ పైకి అనలేదు. జమ్మలమడుగులో పుట్టినది పులివెందుల తోడికోడలి ముందు అటువంటి మాట అంటుందా?

కుక్కపిల్ల గౌరి కోరి తెచ్చుకున్నది. పెళ్ళిరోజుకు ఏం కావాలని మొగుడు అడిగితే కుక్కపిల్ల కావాలంది.

"ఇన్ని బంగారు అంగళ్ళుండే ప్రొద్దుటూర్లో కాపురం చేస్తా బంగారం వద్దన్న ఆడమనిషివి నువ్వొక్కదానివే," అని శరత్ చంద్ర నవ్వాడు. ఎర్రగుంట్లలో లారీలు తిప్పే స్నేహితుడి ఇంట్లో పొమరేనియన్ కుక్క పిల్లలు పెట్టిందని తెలిసి, ఒకదాన్ని అట్టపెట్టెలో పెట్టుకొచ్చాడు. తెల్లగా, మెత్తగా, గాలికి ఎగిరిపోయేటట్టు ఉంది. గౌరి అంతకు ముందే పేరు ఆలోచించి పెట్టుకుంది. కానీ అట్టపెట్టె ఇంకా గడప దాటకముందే నాగేంద్రమ్మ తొంగిచూసి, "ఇదేంది మే, బొరుగుల మూట మాదిరుండాది!" అంది. అంతే, ఆ మరమరాల పేరే దానికి అతుక్కుపోయింది. బావగారికి బొరుగు, పనిమనిషికి బొరుగు, తిరుపతి హాస్టల్లో చదువుతున్న కూతురు శిల్పకు వీడియో కాల్లో బొరుగు. ఆఖరికి తెచ్చిన మొగుడు కూడా అంగడి నుంచి రాగానే "బొరుగేదీ?" అనేవాడు. స్నోయీ అని పిలిచేది ఊళ్ళో ఒక్క గౌరే.

ఇది కొత్త కాదు. శిల్ప చిన్నప్పుడు గౌరి గోరుముద్దలు కలిపి ఇల్లంతా తిరిగేది, పిల్ల మాత్రం కిందికి పోయి పెదమ్మ కంచంలో చెయ్యి పెట్టేది. నిద్రొస్తే పెదమ్మ పక్కన దూరేది. ఇప్పటికీ ఫోన్ చేస్తే, "తిన్నావా అమ్మా," అని ఒక మాట అడిగి, "పెదమ్మ ఏం చేస్తాంది? ఫోన్ ఇయ్యిపో," అంటుంది. మంచం పట్టిన అత్తగారికి గౌరి గంజి కాచి తీసుకుపోతే, "నాగేంద్రను తాపమను," అనేది. వీటిలో ఏ ఒక్కదానికీ నాగేంద్రమ్మ తప్పు ఇదీ అని వేలు పెట్టి చూపడానికి లేదు. గౌరికి అదే మరీ కష్టంగా ఉండేది.

చలికాలమంతా కుక్కపిల్ల గౌరి ఒళ్ళోనే ఉంది. టీవీ చూస్తుంటే ఒళ్ళో, పడుకుంటే కాళ్ళ సందులో. ఎండలు ముదిరేసరికి పార్టీ మార్చింది.

గౌరి ఊరికే కూర్చోలేదు. పడకగదిలో దాని కోసం ఏసీ వేసింది. అది తలుపు దగ్గర కూర్చుని గోళ్ళతో గీరింది. కూలర్ ముందు మెత్తటి పరుపు వేసింది. ఆన్‌లైన్‌లో చల్లటి చాప అని ఒకటి తెప్పిస్తే, అది ఒక మూల కొరికి, జిగురు మూతికి అంటించుకుని తుమ్మింది. కింద ఏం చేస్తున్నారో రెండు రోజులు కనిపెట్టి చూసి, తనూ ఒక గోనెపట్ట తడిపి టైల్స్ మీద పరిచింది. కుక్కపిల్ల వాసన చూసింది. జాగ్రత్తగా పట్టను దాటి మెట్లు దిగిపోయింది.

ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ మొగుడితో అంది. "పట్ట ఒకటే, నీళ్ళొకటే. ఆడ ఏముండాదని పోతాంది?"

"బండలుండాయి. రాతి గోడలుండాయి. మనకు నెత్తిమీద స్లాబు, పెనం మాదిరి. దానికున్న తెలివి నీకు ల్యాకపాయె."

"బండలూ కాదు, గోడలూ కాదు. మీ వదిన అన్నంలో ఏందో కలుపుతాది."

"ఏం కలుపుతాది? మందా?"

"నెయ్యి."

శరత్ చంద్రకు పొలమారింది. నీళ్ళు తాగి, కళ్ళు తుడుచుకుని, "అట్లయితే నువ్వూ కలుపు," అన్నాడు. తర్వాత తమాషాకే ఇంకో మాట అన్నాడు. "అంత బొచ్చేసుకుని యాడ ఉంటాది పాపం. రగ్గు కప్పుకొని తిరుగుతాండట్టుండాది. ఎండాకాలమొస్తే శిల్పకు గుండు కొట్టిచ్చి గంధం పూస్తా ఉండ్లా? దీనికీ కొట్టిచ్చు."

అతను చెయ్యి కడుక్కుని ఆ మాట మరచిపోయాడు. గౌరి మరచిపోలేదు.

నిజమే కదా, అనుకుంది. శిల్పకు బడికి పోయే వయసు వచ్చేదాకా ప్రతి ఎండాకాలమూ గుండే. కొట్టించిన రోజు పిల్ల తల మీద గంధం ఆరుతుంటే, తన ఒళ్ళోనే సుఖంగా నిద్రపోయేది. ఆ ఒక్కరోజు కిందికి పోయేది కాదు.

మరునాడు మొగుడు అంగడికి పోగానే అతని గడ్డం మిషన్ తీసింది. కుక్కపిల్లను బాత్‌రూంలో ఒళ్ళో పెట్టుకుని, బిస్కెట్టు ముక్క ఆశ చూపిస్తూ, వీపు మీద నుంచి మొదలుపెట్టింది. మిషన్ బొచ్చులో చిక్కుకుని మూలిగింది, కుక్కపిల్ల అంతకన్నా మూలిగింది. చివరికి కత్తెరా మిషనూ కలిసి పని కానిచ్చాయి. బాత్‌రూం నిండా తెల్లటి బొచ్చు. ఒళ్ళో మాత్రం గులాబీరంగు తోలుతో, పెద్ద తలతో, ఎలుకకూ మేకపిల్లకూ మధ్య ఏదో జీవి. తల మీది బొచ్చు గౌరి తియ్యలేదు. చెయ్యి రాలేదు. సానరాయి మీద గంధం తీసి, వీపంతా పూసింది.

చల్లగా ఉన్నట్టుంది దానికి. ఒళ్ళోనే ముడుచుకుని నిద్రపోయింది. గౌరి తొడ తిమ్మిరెక్కినా కదల్లేదు. ఆ మధ్యాహ్నమంతా కుక్కపిల్ల కిందికి పోలేదు.

సాయంత్రం నాగేంద్రమ్మే పైకి వచ్చింది, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుంటూ, మెట్టు మెట్టుకూ నిలబడుతూ.

"ఏమ్మే, పొద్దున్నుంచి బొరుగు రాలేదు, ఒళ్ళు బాగ..." అని ఆగిపోయింది. గౌరి ఒళ్ళో ఉన్నదాన్ని చూసి నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "ఓయమ్మా! ఇదేంది? ఎవురు గొరిగినారే దీన్ని?"

"నేనే. ఎండకు తట్టుకోలేకపోతాంటే."

"దేవుడు దానికి ఇచ్చిందే ఆ బొచ్చు గదమే! మా పులివెందుల్లో ఇంత మంది గొర్రెలోళ్ళుండారు, నడిఎండల్లో ఇట్ల నున్నగా గొరిగినోణ్ణి నేను సూడలే."

"మీ పులివెందుల గొర్రెల సంగతి నాకు తెల్దు అక్కా. ఇది కుక్క."

"కుక్కయితే మాత్రం? ఇట్లియ్యి, ఆ గంధమన్నా కడుగుతా. పెచ్చుగట్టి గుంజుతాంటాది."

ఆమె చెయ్యి చాపింది. ఒళ్ళో నుంచి కుక్కపిల్ల లేచి ఆ చేతివైపు మెడ సాచింది. గౌరి దాన్ని వెనక్కి లాక్కుంది.

"నా కుక్క. గొరుక్కుంటా, గంధం పూసుకుంటా, నా ఇష్టం. కిందుండే వాళ్ళకేంటికి?"

నాగేంద్రమ్మ చాపిన చెయ్యి కాసేపు గాలిలోనే ఉంది. తర్వాత ఆ చేతితోనే కొంగు సర్దుకుంది.

"సరే తల్లీ. నీ కుక్కే. ఇంగ నేనడిగితే చెప్పుతో కొట్టు," అని మెట్లు దిగిపోయింది.

ఆ రాత్రే గౌరి కిందికి దిగే మెట్ల మొదట్లో ఒక చెక్కపలక అడ్డం పెట్టింది. కుక్కపిల్ల దాని ముందు కూర్చుని, పలక సందులో ముక్కు పెట్టి, కింది నుంచి వచ్చే వాసన పీల్చేది. గౌరి చూడనట్టు తిరిగేది. అది విసుగుపుట్టి చివరికి గౌరి వెంట పడేది. వంటింట్లోకి పోతే వంటింట్లోకి, ఉతకడానికి పోతే ఉతకడానికి. ఇదే కదా కావలసింది, అనుకునేది గౌరి. పోయే చోటు లేకే వెంట వస్తోందన్న ఆలోచన అప్పుడప్పుడూ వచ్చేది గానీ దాన్ని ఎక్కువసేపు నిలవనిచ్చేది కాదు. కింద నాగేంద్రమ్మ మాట మీద నిలబడింది. ఒక్కసారీ అడగలేదు. అయినా గోనెపట్ట మాత్రం రోజూ తడుపుతున్నట్టు, నీళ్ళు చల్లిన చప్పుడు పైకి వినబడేది.

రోహిణి కార్తె నడుస్తోంది. అన్నదమ్ములిద్దరూ అంగట్లో ఉన్న పూట, సగ్గుబియ్యం ఒడియాలు తిరగెయ్యడానికి గౌరి మిద్దె మీదికి పోయింది. తెల్లవారుజామున పెట్టినవి అప్పటికే గలగలమంటున్నాయి. చెప్పుల్లో నుంచి కూడా అరికాలు కాలుతోంది. తలకు కొంగు కప్పుకుని, గబగబా ఒడియాలు తిప్పి, కొంగుతో చెమట తుడుచుకుంటూ దిగింది. వడగాలి ఇంట్లోకి కొట్టకుండా మిద్దె తలుపు మూసి గడియ పెట్టింది.

దిగి వచ్చేసరికి గ్యాస్ బండ వచ్చింది. తెచ్చినతను చెక్కపలక పక్కకు జరిపి బండ లోపల దించి, సంతకం పెట్టించుకుని, ఖాళీది తీసుకుని పోయాడు. గౌరి మంచినీళ్ళు తాగి, అప్పుడు చూసింది. పలక పక్కకు జరిగి ఉంది. కుక్కపిల్ల లేదు.

"స్నోయీ!"

మంచం కింద లేదు. కూలర్ వెనక లేదు. గౌరి మెట్ల పైన నిలబడి కిందికి చూసింది. కింది వంటింటి తలుపు ఓరగా వేసి ఉంది.

పోయింది. పలక తియ్యడమే ఆలస్యం, ఉరికింది. ఎన్ని రోజులు ఒళ్ళో పెట్టుకున్నా, ఎంత గంధం పూసినా సందు దొరికితే ఆమె దగ్గరికే పోతుంది. ఇప్పుడు అక్కడ తడిపట్ట మీద పొర్లుతుంటుంది. ఆమె నెయ్యి కలిపి పెడుతుంటుంది. పిలిస్తే ఏమంటుంది? "పండుకోనుండాది మే, లేపద్దు," అంటుంది. ఆ మాట ఇంకొకసారి వినడం గౌరి వల్ల కాదు. నా కుక్క, నా ఇష్టం అని తానే అని, తానే మెట్లు దిగిపోయి, నా కుక్క ఉందా అక్కా అని అడగాలా? ఉండనీ. అక్కడే ఉండనీ. సాయంత్రం దాకా ఉండి, తనంతట తానే సిగ్గుపడి వస్తుంది.

గౌరి పడకగదిలోకి పోయి తలుపు వేసుకుని ఏసీ పెట్టుకుంది. మంచం మీద వాలింది గానీ నిద్ర రాలేదు. ఏసీ హోరులో ఎక్కడో సన్నగా కుయ్యిమన్నట్టు వినిపించింది. ఆడిస్తోంది, అనుకుంది. బంతి విసురుతోందేమో. శిల్పను కూడా అట్లే, మధ్యాహ్నం పూట బండల మీద గచ్చకాయలు ఆడించేది. గౌరి దిండు తీసి చెవి మీద పెట్టుకుంది.

కరెంటు పోయింది. ఏసీ ఆగింది. గది నెమ్మదిగా ఉడకడం మొదలుపెట్టింది. అయినా గౌరి తలుపు తియ్యలేదు. తలుపు తీస్తే మెట్లు కనబడతాయి.

చాలాసేపటికి కింది నుంచి పిలుపు వచ్చింది.

"ఏమ్మే, గౌరీ!"

గౌరి దిండు ఇంకా గట్టిగా అదుముకుంది.

"గౌరీ! అడగనంటి గాని అడుగుతాండా, చెప్పుతో కొడతావో ఏంజేస్తావో. కరెంటు ల్యాదు, ఆ బొచ్చులేని పిల్ల పైన ఎట్లుండాదో అని పానం కొట్టుకుంటాంది. రోంతసేపు ఈడికన్నా పంపీ."

గౌరి లేచి కూర్చుంది.

"అక్కా," అంది తలుపు తీసి. "కింద లేదా?"

"నా దగ్గరికి యాడొచ్చె? నువ్వు పలక పెడితివి గదా!"

ఒక్క క్షణం ఇద్దరూ మెట్లకు ఆ చివర ఒకరు, ఈ చివర ఒకరు నిలబడిపోయారు. తర్వాత గౌరి చూపు పైకి పోయింది, గడియ పెట్టిన మిద్దె తలుపు వైపు.

కుక్కపిల్ల నీళ్ళ ట్యాంకు దిమ్మె పక్కన, బెత్తెడు నీడలో గోడకు అతుక్కుని పడి ఉంది. తలుపు మీద అడుగున గోటిగీతలు. ఒడియాల గుడ్డ ఒక పక్క ముడతలు పడి ఉంది, దాని మీద పడుకోవాలని చూసినట్టు. గంధం ఎండి పెచ్చులుగా లేచిన చోట తోలు ఎర్రగా కందిపోయింది. నాలుక మొత్తం బయటపడి, ఊపిరి పొట్టలో ఎగిరెగిరి పడుతోంది. గౌరి ఎత్తుకుంటే అది పొయ్యి మీద నుంచి దించిన గిన్నెలా కాలింది. తల వాలిపోయింది. పిలిస్తే చూడలేదు.

ఎట్లా దిగిందో గౌరికి తెలియదు. తమ ఇంటి గడప దగ్గర ఆగలేదు. తిన్నగా కిందికి పోయి తడి గోనెపట్ట మీద పెట్టింది. నాగేంద్రమ్మ అప్పటికే చెంబు పట్టుకుని ఉంది.

"ఐసు తెస్తా," అని గౌరి మళ్ళీ పైకి ఉరకబోయింది.

"ఉండు మే. మొదట డాక్టరుకు ఫోన్ చెయ్యి. దీనికి సూదులేసినాడే, ఆయనకు."

గౌరికి ఫోన్‌లో పేరు వెంటనే దొరకలేదు. దొరికాక, పశువుల డాక్టరు ఉమైర్ గొంతు వినగానే ఏడుపు వచ్చింది. నాగేంద్రమ్మ ఫోన్ లాక్కుని, స్పీకర్ పెట్టి, మిద్దె మీద ఎండకు పడిపోయిందనీ, తడిపట్ట మీద పెట్టి ఐసు తేబోతున్నామనీ చెప్పింది.

"ఐసు వద్దమ్మా," అన్నాడు డాక్టరు. "ఐసు పెడితే పైన రక్తనాళాలు ముడుచుకుంటాయి, లోపలి వేడి లోపల్నే ఉంటాది. మిద్దె ట్యాంకు నీళ్ళూ వద్దు, అవి కాగుతాంటాయి. కుండనీళ్ళుండాయా?"

"ఉండాయప్పా."

"అవే పొయ్యండి. పొట్టకు, తొడల సందున, పాదాలకు. తడిగుడ్డ పైన కప్పద్దు, ఆవిరి పడతాది. కింది పట్ట కూడా తీసెయ్యండి, ఉత్త బండ మీద పండబెట్టండి. గాలి తగలాల. కరెంటు ల్యాకుంటే విసరండి. తాగితే తాగనీండి, బలవంతంగా నోట్లో పొయ్యద్దు. రోంత తేరుకుంటానే వెంటనే తీసుకురాండి, తేరుకోకున్నా తీసుకురాండి."

నాగేంద్రమ్మ పట్ట లాగేసింది. గౌరి నీళ్ళు పోస్తే ఆమె విసిరింది. ఆమె చెయ్యి పడిపోతే గౌరి విసిరింది. గంధం కరిగి నల్లబండ మీద పసుపుగా పారింది. కుండలో నీళ్ళు సగానికి దిగిపోయాక, కుక్కపిల్ల నాలుక లోపలికి తీసుకుని, బండ మీది నీళ్ళు ఒకసారి నాకింది.

"తాగింది," అంది గౌరి.

"కండ్లు తెరిసింది సూడు," అంది నాగేంద్రమ్మ.

తెరిచిన కళ్ళు ఎవరివైపు చూశాయో ఇద్దరూ చూశారు. అవి నీళ్ళకుండను చూశాయి.

వీధి మొదట్లో ఉండే అస్లాం ఆటో పిలిచారు. కుక్కపిల్ల గౌరి ఒళ్ళో. పక్కన నాగేంద్రమ్మ, ఒక చేత్తో కుండనీళ్ళ సీసా, ఒక చేత్తో విసనకర్ర. "తొందరగా పోనీప్పా, పోనీప్పా," అని ఇద్దరూ ఒకటే పోరు.

"మా చెల్లెల్ని కాన్పుకు తీసకపొయ్యేటప్పుడు గూడా నన్నింత తరుముకోల్యా పెద్దమ్మా," అన్నాడు అస్లాం. అయినా సందుల్లో నుంచే కొట్టాడు.

దారిలో నాగేంద్రమ్మ, విసురుతూనే, కుక్కపిల్లను చూస్తూ అంది. "అడగగూడదని పొద్దున్నుంచి పంతం పట్టుకోని కూచ్చున్యా. ఎన్నిసార్లు మెట్ల కాడికొచ్చి పోయినానో. నాగ్గూడా కండ్లమంటే మే."

"నీకేం కండ్లమంట అక్కా? అందరూ నీ దగ్గరికే వస్తారు."

"వస్తారు, తింటారు, పోతారు. ఏం కావాలని నిన్ను మీ ఆయన అడిగె. నువ్వు ఇది కావాలంటివి, తెచ్చిచ్చె. నన్నెవురడిగినారు? అడిగింటే నేనూ కుక్కపిల్లే కావాలని అనిందునేమో."

గౌరి ఆమె ముఖంలోకి చూసింది. ఆమె మాత్రం విసనకర్ర ఆపలేదు.

డాక్టరు ఉమైర్ జ్వరం చూశాడు, సెలైను ఎక్కించాడు, పాదాలు తిప్పి చూసి మందు పూశాడు. వీపు చూసి ముఖం చిట్లించాడు.

"గండం గడిచినట్టే. ఇంకొంచెం ఆలస్యమయ్యింటే నా చేతిలో ఉండేది కాదు. అవునమ్మా, దీన్ని ఎవురు గొరిగింది? ఈ జాతికి బొచ్చే గొడుగు. దువ్వి చిక్కు తీస్తే చాలు, గాలి ఆడతాది. గొరిగితే ఎండ తోలు మీదే పడతాది. సూడండి, ఎట్ల కమిలిపోయిందో. ఎవురు చెప్పినారు మీకు?"

గౌరి నోరు తెరిచింది.

"మేమే," అంది నాగేంద్రమ్మ. "ఇంట్లో అందరం కలిసే చేసినాము. పిల్లోళ్ళకు కొట్టిచ్చమా నాయనా, అట్ల అనుకున్యాం."

డాక్టరు తల ఊపి మందులు రాసుకుంటున్నాడు. గౌరికి కళ్ళనిండా నీళ్ళు వచ్చాయి. ఆ నీళ్ళ వెనక చిన్నగా మంట కూడా వచ్చింది. ఇందులో కూడా ఈమే ముందుందే, అనుకుంది.

"బొచ్చు మొలిచేదాకా ఇంట్లో అన్నిటికంటే చల్లగుండే తావున పెట్టండి," అన్నాడు డాక్టరు. "ఎండపొద్దులో బయటికి తేవద్దు. నడిపించాలంటే తెల్లారక ముందు, నేల మీద మీ అరిచెయ్యి పెట్టి, కాలకుంటేనే. మీ ఇంట్లో చల్లగుండేది యాడ?"

నాగేంద్రమ్మ గౌరి వైపు చూడలేదు. గోడ మీది ఆవుల పటం చూస్తూ నిలబడింది.

చాలాసేపు ఆలోచించాల్సిన ప్రశ్న కాదు అది. అయినా గౌరి ముందు కుక్కపిల్ల తల మీది బొచ్చు సవరించింది.

"కింద," అంది. "మా అక్క వాళ్ళ వంటింట్లో."

మరునాడు శరత్ చంద్ర భోజనానికి వచ్చేసరికి పై ఇంటికి తాళం వేసి ఉంది. కింది నుంచి మాటలు వినబడితే వంగి చూశాడు.

"ఏంది, ఇల్లు మార్చినావా?"

"మీ అన్నం టేబుల్ మీదుండాది. తాళంచెవి ఈడుండాది, వచ్చి తీసుకోపోండి," అంది గౌరి లేవకుండానే.

ఆమె దిండు తెచ్చుకుని నల్లబండల మీద వాలింది. అటువైపు నాగేంద్రమ్మ, ఇటువైపు తను. మధ్యలో మట్టి మూకుడులో నీళ్ళు, తడి గోనెపట్ట, దాని మీద గుండుకుక్క. పాదాలకు మందు పూసి, శిల్ప పాత సాక్సులు తొడిగారు. ఒంటికి బండ చల్లగా తగులుతుంటే గౌరికి అనిపించింది, ఇంతకాలం ఈ కుక్కదే తప్పని ఎట్లా అనుకున్నాను? దీని బదులు నేనున్నా ఇక్కడికే వచ్చేదాన్ని.

అనిపించింది గానీ, కళ్ళు మాత్రం కుక్కపిల్లను కొలుస్తూనే ఉన్నాయి. తల నాగేంద్రమ్మ వైపు ఉంది. తోక తనవైపు ఉంది. వెనక కాలు ఒకటి తన మోచేతికి తగులుతోంది, అది లెక్కలోకి వస్తుంది. కానీ ముక్కు నాగేంద్రమ్మ అరచేతిలో ఉంది.

నాగేంద్రమ్మ ఊపిరి నిదానమయింది. కళ్ళు మూసుకుని ఉంది. గౌరి మెల్లగా గోనెపట్ట అంచు పట్టుకుంది. కుక్కపిల్ల కదలకుండా, చప్పుడు కాకుండా, కొంచెం కొంచెంగా తనవైపు జరుపుకుంది.

"గుంజుకో, గుంజుకో," అంది నాగేంద్రమ్మ, కళ్ళు తెరవకుండానే. "నేను సూళ్ళేదులే."

గౌరి చెయ్యి ఆగింది. తర్వాత, ఎలాగూ పట్టుబడ్డాను కదా అని, ఇంకొంచెం లాక్కుంది.

"స్నోయీ," అని గుసగుసగా పిలిచింది.

కుక్కపిల్ల కదల్లేదు.

గౌరి ఒకసారి నాగేంద్రమ్మ మూసిన కళ్ళవైపు చూసింది. వంగి, చెవి దగ్గర నోరు పెట్టి, ఎవరికీ వినబడనంత మెల్లగా అంది.

"బొరుగూ."

తోక టపటపా గోనె మీద కొట్టుకుంది. పక్కన నాగేంద్రమ్మ భుజాలు నవ్వుతో కదులుతున్నాయి. గౌరి చూడనట్టు తల అటు తిప్పుకుంది.